పట్టా కడుపులోని కౌలుదారు

మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాల్లో భూమి కొనదలచినవారు పాత పహాణీలను తిరగవేసినప్పుడు పట్టాదారు పేరుతోబాటు షిక్మీదారు, రక్షిత కౌలుదారు అనే మాటలు ఎదురవుతాయి. పారసీకంలో ‘షికమ్’ అంటే కడుపు. ఒకరి పట్టాలో మరొకరి సాగు ఇమిడి ఉన్నదని ఆ పదమే చెబుతున్నది. మరి పట్టా చేతులు మారితే కడుపులోనివాని గతి ఏమిటి?

ఫిఖా పండితులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇజారా ఇరుపక్షాలనూ బంధించే ఒప్పందం. గడువు మిగిలి ఉండగా యజమాని ఆస్తిని అమ్మితే, హంబలీ పండితుల దృష్టిలో విక్రయమూ చెల్లుతుంది, కౌలూ నిలుస్తుంది. హనఫీల ప్రకారం అమ్మినవానికీ కొన్నవానికీ మధ్య విక్రయం చెల్లుతుంది గాని, కౌలుదారు సమ్మతించనిదే అతనిపై అమలు కాదు. తుర్కీ ఉస్మానీ ప్రభుత్వం 1869–1876 మధ్య వెలువరించిన ‘మజల్లా’ 590వ అధికరణం దీనినే శాసనంగా మలచింది. కౌలుదారు సమ్మతించినా, అతడు ముందుగా చెల్లించిన దానిలో మిగిలిన గడువుకు చెందిన సొమ్ము తిరిగి ఇచ్చేవరకు ఆస్తిని అతని నుండి తీసుకోరాదని కూడా అది విధించింది.

నిజాం రాజ్యంలో 1354 ఫస్లీ నాటి అసామీ షిక్మీల చట్టం ఈ సాగుదారులను గుర్తించింది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం మరింత ముందుకు సాగింది. 1948 జనవరి 1కి ముందు వరుసగా ఆరేళ్లు సాగు చేసినవారు మొదలైన వారిని రక్షిత కౌలుదారులుగా పరిగణించి, ఆ హక్కును వారసత్వ హక్కుగా చేసింది. యజమాని అమ్మదలచుకుంటే ముందు రక్షిత కౌలుదారుకే నోటీసు ఇచ్చి చూపాలన్నది. తరువాత చేర్చిన 38-ఇ సెక్షన్ కింద, ఈ ప్రాంతంలో 1973 జనవరి 1 నుండి, చట్టం విధించిన పరిమితులకు లోబడి, యాజమాన్యమే అట్టి కౌలుదారుకు సంక్రమించింది.

ఇక్కడ ఒక భేదాన్ని మరువరాదు. ఫిఖాలోని కౌలుకు గడువు ఉన్నది. హనఫీ మతంలో ఒప్పందం చేసుకున్నవారిలో ఒకరు మరణిస్తే అది ముగుస్తుంది. రక్షిత కౌలు తరతరాలకు సాగినది. అయినా రెండింటికీ మూలసూత్రం ఒక్కటే: అమ్మేవాడు తనకున్న దానినే అమ్మగలడు, తన చేతిలో లేని అనుభవాన్ని అమ్మలేడు.

కౌలు సంగతి తెలియక కొన్నవానికి విక్రయాన్ని రద్దు చేసుకునే అవకాశాన్ని ఫిఖా ఇస్తున్నది. అమ్మేవానిపై చెప్పే బాధ్యత, కొనేవానిపై అడిగే బాధ్యత ఉన్నాయి. నేడు ఈ పొలాలు ఇండ్ల స్థలాలుగా మారుతున్నవి. ధర ఎంతని అడిగే ముందు, దున్నినది ఎవరని అడగడమే ధర్మం; క్షేమమూ అదే.