క్లోరోఫాం తగాదా నుంచి నల్లగొండ నీళ్ళ దాకా

1889లో హైదరాబాద్ నుంచి లండన్‌లోని ‘లాన్సెట్’ వైద్య పత్రికకు వెయ్యి పౌన్లు వెళ్ళాయి. అది చందా కాదు, విరాళమూ కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం విసిరిన సవాలు. మా మెడికల్ స్కూల్లో చేసిన ప్రయోగాల మీద మీకు నమ్మకం లేదు కదా, అయితే మీరే ఒక మనిషిని ఎంచి పంపండి, ఖర్చు మాది అని దాని సారాంశం. పత్రిక సెయింట్ బార్తలోమ్యూస్ ఆస్పత్రిలో పనిచేసే థామస్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పనికొస్తుందని 1867లోనే చూపించినవాడు, ఔషధాల ప్రభావం మీద పుస్తకాలు రాసినవాడు. అంత పెద్దమనిషి ఓడెక్కి దక్కన్ దాకా వచ్చింది ఊరకుక్కల ఊపిరి లెక్కపెట్టడానికి.

ఆ మెడికల్ స్కూలే తర్వాతి కాలంలో ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. 1846లో అది పుట్టిన వైనం గురించి ఒక కథ చెబుతారు. నాలుగో నిజాం నాసిరుద్దౌలా జబ్బుపడితే రెసిడెన్సీ సర్జన్ విలియం కాంప్‌బెల్ మెక్లీన్ మందులేవీ ఇవ్వకుండా, పత్యంతోనే నయం చేశాడట. ఆ ముచ్చటతోనే నిజాం పాశ్చాత్య వైద్యం నేర్పే బడికి ఒప్పుకున్నాడని అంటారు. పాఠాలు ఉర్దూలో సాగేవి. చదువు పూర్తిచేసినవాళ్ళకు ‘హకీం’ పట్టా ఇచ్చేవారు. దాదాపు నలభై ఏళ్ళు ఆ బడి పని సంస్థానం ఆస్పత్రులకు డాక్టర్లను తయారుచేయడమే. కొత్త సంగతి కనిపెట్టి ప్రపంచానికి చెప్పాలన్న పట్టుదల 1885లో ఒక మనిషితో పాటు వచ్చింది.

అతని పేరు ఎడ్వర్డ్ లారీ. ఎడిన్‌బరోలో చదివి, లాహోర్‌లో శస్త్రచికిత్స బోధించి, రెసిడెన్సీ సర్జన్‌గా, మెడికల్ స్కూల్ సూపరింటెండెంట్‌గా హైదరాబాద్ వచ్చాడు. బోధన ఉర్దూ నుంచి ఇంగ్లిషుకు మారిందీ, ఆడపిల్లలకు ఆ బడి తలుపులు తెరుచుకున్నదీ ఆ రోజుల్లోనే. వీటన్నిటికంటే అతనికి ప్రాణసమానమైన విషయం ఇంకొకటుంది, క్లోరోఫాం. ఎడిన్‌బరోలో అతని గురువు జేమ్స్ సైమ్ ఒకే ఒక్క నియమం నూరిపోశాడు: మత్తు ఇచ్చేటప్పుడు నాడిని పట్టించుకోకు, ఊపిరిని చూడు.

ఈ నియమం మీద అప్పటికే బ్రిటన్‌లో నలభై ఏళ్ళుగా కొట్లాట నడుస్తోంది. 1847 నవంబరులో జేమ్స్ యంగ్ సింప్సన్ ఎడిన్‌బరోలో క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. మూడు నెలలైనా కాకముందే, 1848 జనవరి 28న, న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల చనిపోయింది. కాలి గోరు తీయడానికి మత్తిచ్చారు, అంతే. కత్తి పెట్టీ పెట్టకముందే ప్రాణం పోయింది. అలాంటి చావులు ఆ తర్వాతా ఆగలేదు. పెద్ద ఆపరేషన్లలో కంటే పన్ను పీకడం, గోరు తీయడం వంటి చిన్నవాటిలోనే అవి జరగడం అందరినీ కలవరపెట్టింది. లండన్‌లో జాన్ స్నో వంటివాళ్ళు మందు నేరుగా గుండెను ఆపేస్తోందన్నారు. అదేం కాదు, మోతాదు మించి ఊపిరాగుతోంది, గుండె ఆగేది ఆ తర్వాతే, ఊపిరి మీద కన్నుంచితే ఎవరూ చావరు అన్నారు ఎడిన్‌బరోవాళ్ళు. నాడి పట్టుకోవాలా, ఛాతీ చూడాలా? ఆపరేషన్ బల్ల పక్కన నిలబడ్డవాడికి ఇది మామూలు ప్రశ్న కాదు.

లారీ సంగతి తేల్చేయాలనుకున్నాడు. 1888లో పాట్రిక్ హెహిర్ అధ్యక్షతన మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. వందకు పైగా కుక్కలకు రకరకాలుగా మత్తిచ్చి చూశారు. ప్రతిసారీ ముందు ఊపిరి ఆగింది, గుండె మరికొద్దిసేపు కొట్టుకుంది. 1889 మొదట్లో, కనాట్ డ్యూక్ దంపతులు హాజరైన బహుమతుల పంపిణీ సభలో లారీ ఈ ఫలితాన్ని గర్వంగా ప్రకటించాడు. లాన్సెట్ సంపాదకీయంలో పెదవి విరిచింది. యూరప్ ప్రయోగశాలల్లో వచ్చిన ఫలితాలకు ఎదురు మాట హైదరాబాద్ నుంచి వస్తే నమ్మడమెలా అన్నది ఆ విరుపులో లేకపోలేదు. దానికి జవాబుగానే ఆ వెయ్యి పౌన్లు వెళ్ళాయి.

రెండో కమిషన్ 1889 అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య పనిచేసింది. బ్రంటన్, లారీ, జెరాల్డ్ బామ్‌ఫర్డ్, రుస్తుంజీ అందులో ముఖ్యులు. మెడికల్ స్కూల్ విద్యార్థులు చేతిసాయం చేశారు. ఈసారి పనిముట్లు వేరు. జంతువు ధమనిలోకి గొట్టం దోపి, దాన్ని పాదరసం నింపిన వంపు గాజుగొట్టానికి కలిపేవారు. రక్తపోటు పెరిగితే పాదరసం పైకి, తగ్గితే కిందికి. పాదరసం మీద తేలే చిన్న ముల్లు, తిరిగే డ్రమ్ముకు చుట్టిన మసిపూసిన కాగితాన్ని గీకుతూ పోయేది. నల్లటి కాగితం మీద తెల్లటి గీత. ఆ గీత పాకుతూ పాకుతూ ఎక్కడ కుంగిందో, ఎక్కడ చదునైపోయిందో చూసి ఊపిరి ఆగిన క్షణంతో సరిపోల్చేవారు. అలాంటి కాగితాలన్నిటినీ ఫోటోలు తీశారు. ఎదురు వాదించేవాడు కూడా గీతలను తన కళ్ళతో చూసుకోవచ్చని. 1889లో ఇది చిన్న విషయం కాదు. ఇవాళ పరిశోధకులను ముడి సమాచారం బయటపెట్టమని అడుగుతున్నామే, హైదరాబాద్ కమిషన్ ఆ పని తనంతట తానే చేసింది.

కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు, అన్నీ కలిపి వందల్లో వాడారు. ఇప్పటి నైతిక సంఘం ఏదీ ఆ జాబితా మీద సంతకం పెట్టదు. అనుమానంతో వచ్చిన బ్రంటన్ మనసు మార్చుకున్నాడు. ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్ల, లేదా మోతాదు మించడం వల్లేనని, గుండెకు నేరుగా వచ్చే ముప్పేమీ లేదని లాన్సెట్‌కు తంతి కొట్టాడు. 1890లో ఆ పత్రికే నివేదికను విడతలుగా అచ్చువేసింది. ప్రపంచ వైద్య పత్రికలన్నీ హైదరాబాద్ పేరు తలుచుకున్నాయి.

చిక్కేమిటంటే, తీర్పు తప్పు.

ఆ సంగతి తేలడానికి ఇరవై ఏళ్ళు పైగా పట్టింది. కమిషన్ పని జరుగుతున్న రోజుల్లోనే ఆబర్డీన్‌లో మెక్‌విలియం క్లోరోఫాం గుండె కండరాన్ని బలహీనపరచి సాగదీస్తుందని చూపించాడు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ తెలివైన ఉపాయం పన్నారు. ఒక జంతువు మెదడుకు మరో జంతువు రక్తం అందేలా ఏర్పాటు చేసి, మందు మెదడుకు చేరినప్పుడు ఏమవుతోంది, గుండెకు చేరినప్పుడు ఏమవుతోంది అని విడదీసి చూశారు. రక్తపోటు పడిపోవడానికి కారణం గుండేనని వాళ్ళు తేల్చారు. లారీ ఒప్పుకోలేదు. అసలు దెబ్బ 1911లో గుడ్‌మన్ లెవీ కొట్టాడు. పిల్లులకు క్లోరోఫాం ఎక్కువిచ్చి కాదు, తక్కువిచ్చి చూశాడు. తేలిక మత్తులో ఉన్న పిల్లికి కాస్త అడ్రినలిన్ ఎక్కించగానే గుండె కొట్టుకోవడం మాని గజగజ వణికి ఆగిపోయింది. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటే ఇదే. భయంతో, సగం మత్తులో ఉన్న మనిషి ఒంట్లో అడ్రినలిన్ దానంతటదే ఊరుతుంది. గోరు తీయడానికి వచ్చి చనిపోయిన హానా గ్రీనర్ ఉదంతానికి అరవై మూడేళ్ళ తర్వాత దొరికిన వివరణ ఇది.

మరి హైదరాబాద్‌లో అంత శ్రమపడ్డవాళ్ళకు ఇది ఎందుకు కనబడలేదు? ఒక కారణం పనిముట్టు. గుండె నిశ్చలంగా ఆగినా, వణుకుతూ ఆగినా పాదరసం ఒకేలా పడిపోతుంది. గుండె విద్యుత్తును గీసి చూపే యంత్రం ఐంథోవెన్ చేతికి వచ్చింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. రెండో కారణం మనిషి. లారీకి జవాబు ముందే తెలుసు. ముప్పు లోతైన మత్తులో ఉందని నమ్మినవాడు వెతికిందీ అక్కడే. లెక్క వందల్లో ఉన్నా, అడిగిన ప్రశ్న మాత్రం సైమ్ నేర్పిందే. కమిషన్‌ను ఆడిపోసుకోవడానికి కాదు ఈ మాట. అప్పటి లండన్ ఆస్పత్రుల్లో చాలామంది ఆ మాత్రం లెక్కా చూపకుండానే వాదించారు.

తప్పు తీర్పులోంచి కూడా రోగికి మేలు జరిగింది, అదే ఈ కథలో చిత్రం. ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలన్న నియమం ఎక్కడైనా మంచిదే. గుడ్డతో గరాటులా కుట్టిన టోపీలో దూది పెట్టి, గాలి ధారాళంగా ఆడేలా మందు చిలకరించే లారీ పద్ధతిలో మోతాదు మించడం కష్టం. అంతకంటే ముఖ్యం, మత్తివ్వడం అనేది చేతికందిన ఏ కాంపౌండరుకో అప్పజెప్పే పని కాదని, ప్రత్యేకంగా నేర్వాల్సిన విద్య అని ఆ బడి గట్టిగా నమ్మింది. ఆ నమ్మకంలోంచే రూపాబాయి ఫర్దూన్‌జీ వచ్చింది. పార్సీ కుటుంబం అమ్మాయి, ఆ బడిలో చేరిన తొలి ఆడపిల్లల్లో ఒకతె. పట్టా అందుకుని దశాబ్దాల పాటు హైదరాబాద్ ఆస్పత్రుల్లో మత్తు డాక్టరుగా పనిచేసింది, 1909లో ఎడిన్‌బరో వెళ్ళి మళ్ళీ చదువుకుంది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాళ్ళలో ఆమెను లెక్కిస్తారు. కమిషన్ నివేదిక ఇవాళ చరిత్రకారులకు తప్ప ఎవరికీ పట్టదు, రూపాబాయి పేరు మాత్రం అనస్థీషియా డాక్టర్ల సభల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇంకో మాట. 1956 నుంచి క్లోరోఫాం చోటు ఆక్రమించిన హాలోథేన్‌కు కూడా అడ్రినలిన్‌తో గుండెను తడబరిచే గుణం ఉంది. లెవీ పిల్లుల పాఠం దానికీ పనికొచ్చింది.

లారీ 1901లో హైదరాబాద్ విడిచి వెళ్ళాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, ఆ బడికి అనుబంధమైన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని ముంచెత్తింది. ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది బతికారని ఇప్పటికీ చెబుతారు. తర్వాత అక్కడే విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో ఉస్మానియా ఆస్పత్రి లేచింది. 1920 ప్రాంతంలో మెడికల్ స్కూల్ ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చి కాలేజీ అయింది, పాఠాలు మళ్ళీ ఉర్దూలోకి మారాయి. ఎం.బి.బి.ఎస్. అంతటినీ ఒక భారతీయ భాషలో బోధించడం అప్పట్లో సాహసమే. 1948 తర్వాత ఇంగ్లిషు తిరిగి వచ్చింది.

ఆ కాలేజీ నుంచి మళ్ళీ ప్రపంచం దృష్టికి వెళ్ళిన పని 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. రాసింది ఎ.హెచ్. సిద్దిఖీ, విషయం నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్ళలో ఫ్లోరిన్ మించి వచ్చే జబ్బు. ఈసారి నిజాం సొమ్మూ లేదు, లండన్ నుంచి దూతా రాలేదు. సమస్యే నడుం వంచుకుని ఆస్పత్రి మెట్లెక్కింది.

దీనికి నేపథ్యం నెల్లూరు వైపు ఉంది. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో పశువులు, మనుషులు బిగుసుకుపోతున్నారని గమనించి, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్ బృందం 1937లో భారతీయ ఫ్లోరోసిస్ గురించి రాసింది. 1945లో ఎం.బి. దావర్ నల్లగొండ నీళ్ళలోని ఫ్లోరిన్ సంగతి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో బయటపెట్టాడు. సిద్దిఖీ చేసింది రోగులను నిదానంగా పరీక్షించడం. పళ్ళ మీద గోధుమరంగు గార. వెన్ను కర్రలా బిగిసిపోయి గొంతుక్కూర్చోలేని రైతులు. తల పక్కకు తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి రావడం. ఎక్స్‌రేలో సుద్దముక్కలా తెల్లగా మెరిసే ఎముకలు, రాయిలా గట్టిపడ్డ స్నాయువులు. కొందరికి పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కడంతో కాళ్ళు చచ్చుబడ్డాయి. పళ్ళకూ ఎముకలకూ వచ్చే జబ్బు అనుకున్నది నరాలనూ దెబ్బతీస్తుందని ఇంత వివరంగా చూపడం వల్లే ఆ వ్యాసాన్ని తర్వాతి ఫ్లోరోసిస్ పరిశోధకులు పదేపదే ఉదహరించారు. సిద్దిఖీ జవాబు చేతపట్టుకుని బయల్దేరలేదు, రోగి చూపించింది రాసుకుంటూ పోయాడు. కమిషన్‌కూ దీనికీ అసలు తేడా ఇదే.

జాతీయ పోషకాహార సంస్థ కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చాక ఉస్మానియా ఆస్పత్రి వార్డులు ఇంకా బిజీ అయ్యాయి. దక్కన్‌లో జొన్నన్నం, జొన్నరొట్టె తినేవాళ్ళకు పెల్లాగ్రా వస్తోంది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొట్టుకడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చలిస్తుంది. మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బు జొన్నలకెందుకొచ్చింది? జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది నియాసిన్ అనే విటమిన్‌కు అడ్డుపడుతుందని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్‌లో రాశారు. ఆ సిద్ధాంతం తర్వాత గట్టి ప్రశ్నలు ఎదుర్కొంది, ఇప్పటికీ అందరూ ఒప్పుకోరు. రోగికి నియాసిన్ ఇస్తే నయమవుతుందన్న దాంట్లో మాత్రం వివాదం లేదు.

నల్లగొండ కథ ఆస్పత్రి గోడల దగ్గర ఆగలేదు. 1973లో పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరిన్ ప్రాంతాల కుర్రాళ్ళలో మోకాళ్ళు రెండూ ఒరుసుకునేలా కాళ్ళు వంకరపోతున్న తీరును లాన్సెట్‌లో వర్ణించారు. రెండేళ్ళకు నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరిన్‌ను అడుగుకు దించే పద్ధతి తయారుచేసి దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆ పద్ధతితో ఊరందరికీ నీళ్ళిచ్చే తొలి ప్లాంటు 1980లో అనంతపురం జిల్లా కదిరిలో నడిచింది. రోజూ పటిక కలపాలి, అడుగున చేరిన మడ్డి ఎత్తిపోయాలి, అందుకు మనిషి, జీతం కావాలి. అవి లేనిచోట ప్లాంటు మూలపడింది. చివరికి నల్లగొండలోని మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ళకు కావలసివచ్చింది మందూ కాదు, పటికా కాదు, కృష్ణ నీళ్ళు. వాటి కోసం దశాబ్దాల పాటు ధర్నాలు జరిగాయి, పైపులు ఆ తర్వాత వచ్చాయి. కొత్తగా పుట్టే పిల్లల పళ్ళు తెల్లగా వస్తున్నాయి. ఒకసారి బిగిసిన వెన్నును తిరిగి సరిచేసే మందు మాత్రం ఇంకా లేదు.