కనిపెట్టినవాడిదే నేల

1455లో పోప్ ఐదో నికోలస్ పోర్చుగల్ రాజుకు ఒక శాసనం రాసిచ్చారు. ఆఫ్రికాలో క్రైస్తవేతరుల నేలను ఆక్రమించవచ్చని, ఆ మనుషుల్ని శాశ్వతంగా బానిసలను చేసుకోవచ్చని దాని సారాంశం. కొలంబస్ తిరిగొచ్చాక, 1493 మేలో ఆరో అలెగ్జాండర్ స్పెయిన్‌కు ఇలాంటిదే ఇంకొకటి ఇచ్చారు. క్రైస్తవ రాజు ఏలుబడిలో లేని నేల కనిపిస్తే చాలు, కనిపెట్టినవాడిదే అన్న సిద్ధాంతం వీటితో పాతుకుంది. అక్కడ తరతరాలుగా బతుకుతున్నవాళ్లను అడిగినవారు లేరు.

ఆ సిద్ధాంతం చర్చి దస్త్రాల్లోనే ఆగిపోలేదు. 1823లో జాన్సన్ వర్సెస్ మెకింటోష్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, నేలపై యాజమాన్యం కనిపెట్టిన దేశానిదేనని, ఆదివాసులకు మిగిలేది అక్కడ ఉండే హక్కు మాత్రమేనని తీర్పు రాశారు. పోప్ మాటను దేనికీ లెక్కచేయని ప్రొటెస్టెంట్ సమాజం ఈ ఒక్క మాటను మాత్రం పట్టుకుని వదల్లేదు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించేది అదే. 2005లో ఒనైడా తెగ భూమి కేసులోనూ అదే కోర్టు ఈ సిద్ధాంతాన్ని ప్రస్తావించింది.

ఈ సిద్ధాంతాన్ని చర్చిలు ఆదివాసుల ముందే కాదన్న సందర్భం ఒకటుంది. 2016లో నార్త్ డకోటాలో డకోటా యాక్సెస్ చమురు పైప్‌లైన్‌ను ఓహే జలాశయం అడుగునుంచి వేయడానికి పూనుకున్నారు. స్టాండింగ్ రాక్ సూ ఆదివాసులు తాగేది ఆ నీళ్లే. అంతకు కొన్ని దశాబ్దాల ముందు ఆ జలాశయం కట్టినప్పుడు మునిగిందీ వాళ్ల పల్లపు నేలలే. ఏప్రిల్ నుంచి నది పక్కన గుడారాలు వేసుకుని, నీరే ప్రాణమంటూ ప్రార్థనలతో కాపలా కాశారు. అక్కడి ఎపిస్కోపల్ పూజారి జాన్ ఫ్లోబర్గ్ రమ్మని పిలిస్తే నవంబర్ 3న వేర్వేరు మతాల నుంచి 500 మందికి పైగా మతాచార్యులు తరలివచ్చారు. ఆ సిద్ధాంతాన్ని తమ చర్చిలు తిరస్కరించాయని చదివి వినిపించారు. ఎపిస్కోపల్ చర్చి ఆ పని 2009లోనే చేసింది. తర్వాత 1493 శాసనం ప్రతిని ఆదివాసీ పెద్దల చేతికిచ్చారు. వాళ్లు దాన్ని కాల్చేశారు.

పక్కన నిలబడి ప్రార్థించడం ఒక ఎత్తు. ఈ అన్యాయానికి వేరు మా చర్చి దస్త్రాల్లోనే ఉందని బాధితుల ముందు ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. నేను గౌరవించేది రెండోదాన్ని.

డిసెంబర్ 4న సైన్యం ఇంజనీర్ల విభాగం పైప్‌లైన్‌కు అనుమతి నిరాకరించింది. కొత్త అధ్యక్షుడు 2017 జనవరిలో దాన్ని తిరగదోడారు, జూన్ నాటికి చమురు పారింది. 2023 మార్చి 30న వాటికన్ కూడా ఈ సిద్ధాంతాన్ని తిరస్కరించింది. 1823 తీర్పును మాత్రం అమెరికా కోర్టు ఇంతవరకూ కొట్టేయలేదు.