మొదటి పేజీ లేని పుస్తకం

మా అత్తగారి రేకుపెట్టె తెరిస్తే ఇంటిల్లిపాదీ తుమ్మాల్సిందే. కందిపప్పు డబ్బాలో పురుగు పట్టకుండా నాలుగు ఎండుమిరపకాయలు వేసుకోవడం మనందరికీ అలవాటే గానీ, ఆవిడ పుస్తకాల పెట్టెలో కూడా వేసేది. గుంటూరు జిల్లా ఆడపడుచు, మిరపకాయను ఆమాత్రం నమ్మకపోతే ఎలా చెప్పండి!

ఆ పెట్టె అడుగున పాత పంచెగుడ్డలో చుట్టిన ‘పలనాటి వీరచరిత్ర’ ఉంది. పాత పుస్తకాలు పోగుచేసే సరదా ఉన్న మా చెల్లెలి కొడుకు మొన్న దాన్ని చూసి కళ్ళింతలు చేసుకున్నాడు.

“పెద్దమ్మా, ఇది 1911 నాటి మొదటి కూర్పయితే ఎంత పలుకుతుందో తెలుసా! ఏదీ, మొదటి పేజీ?”

మొదటి పేజీ లేదు. చిన్నతనంలో మా వారు దాన్ని పడవ చేసి వాననీళ్ళలో వదిలారట. పిల్లవాడి ముఖం వాడిపోయింది. “పేజీ పోతే విలువా పోయినట్టే” అన్నాడు.

నిజమేనా అని నాకనిపించింది.

ఈ కథను అచ్చుకెక్కించినవాడు అక్కిరాజు ఉమాకాంతం. 1889లో పుట్టిన ఆయనకు అప్పటికి నిండా పాతికేళ్ళు లేవు. తెలుగువాళ్ళు తమ కథ తాము వెతుక్కుంటున్న రోజులవి. చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం 1910లో వచ్చింది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ నడుమ వచ్చిన ఈ మంజరీద్విపద కావ్యం శ్రీనాథుడిదని ప్రతీతి.

కథ మీకు తెలిసిందే. పన్నెండో శతాబ్దంలో గురజాలలో నలగామరాజు, మాచర్లలో ఆయన సవతి తమ్ముడు మలిదేవరాజు. అక్కడ మంత్రి నాయకురాలు నాగమ్మ, ఇక్కడ బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్లవారు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోయారు. గడువు తీరి వచ్చి అడిగితే భాగం దక్కలేదు. రాయబారం వెళ్ళిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. కారంపూడిలో నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగి, ఉభయపక్షాల వీరులూ నేలకొరిగారు.

1947లోనూ, 1966లోనూ ‘పల్నాటి యుద్ధం’ సినిమాలొచ్చాయి. మొదటిదానిలో కన్నాంబ, రెండోదానిలో భానుమతి నాగమ్మలయ్యారు. రెండోది చూసొచ్చిన రోజున మా అత్తగారు అన్న మాట నాకింకా జ్ఞాపకం.

“అంతా నాగమ్మే చేసిందంటారు గానీ అమ్మాయ్, పందేనికి సరేనన్నది మగవాళ్ళు కాదూ? రాజ్యాన్ని తీసుకెళ్ళి కోడికాలికి కట్టినవాళ్ళను ఒక్కరూ ఏమీ అనరేం?”

నేను కిక్కురుమనలేదు. మంచాల సంగతీ అంతే. పడుచు మొగుడు బాలచంద్రుడు యుద్ధానికి పోతూ గడపలోకొస్తే, కత్తి చేతికిచ్చి పంపింది. అందరూ వీరపత్ని అన్నారు. అత్తగారు మాత్రం ఆ పేజీ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకునేది.

పుట్టింటివాళ్ళు మడి పాటించే మనుషులైనా, చిన్నప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని ఆవిడ కారంపూడి ఉత్సవానికి వెళ్ళింది. కార్తీక అమావాస్య మొదలుకొని అయిదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. కులభేదం లేకుండా అందర్నీ ఒక్కచోట కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు పెట్టాడనే చాపకూడును తలచుకునేది మందపోరు నాడే. ఇంట్లో నాలుగు వరుసల విస్తళ్ళు చూసిన పిల్లకు అక్కడి ఒక్క వరుస ఎంత వింతగా తోచిందో ముసలితనం దాకా చెప్పేది.

అక్కడ కథ చెప్పేది మాలల్లో వీరవిద్యావంతులనే గాయకులు. మనం అచ్చు వేసుకోకముందు, మనవాళ్ళు తాటాకుల్లో దాచుకోకముందు కూడా కథను గొంతులో మోసినవాళ్ళు వాళ్ళు. అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడి నోట విని, జీన్ రోఘేర్ అనే అమెరికా పండితుడు దీన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ప్రచురించారు. చదువుకున్న మనం పుస్తకం వెల కడుతుంటే, పాడేవాళ్ళకు ఏపాటి వెల కట్టామో ఆలోచిస్తే నాకే సిగ్గేసింది.

ఈ మాటే పిల్లవాడితో అన్నాను. వాడు వాదించలేదు. కార్తీక అమావాస్యకు కారంపూడి వెళ్ళాడు. 2022లో విడదీశాక అది పల్నాడు జిల్లా అయింది గానీ మాకింకా గుంటూరే. తిరిగొచ్చి, “పెద్దమ్మా, మన పుస్తకంలో ఉన్నది ముఖ్యంగా బాలచంద్రుడి యుద్ధమేనే. వాళ్ళ కథ తాతల నాటి నుంచి మొదలవుతుంది. ఎన్ని రాత్రులు పాడతారో!” అన్నాడు.

నేను లేచి పెట్టె తెరిచాను. ఇద్దరం తుమ్ముకున్నాం. పుస్తకం చివరి పేజీ తీసి వాడికి చూపించాను. కింద మా అత్తగారు పెన్సిలుతో రెండే మాటలు రాసి ఉంచింది. మనం వారంవారం సీరియల్ కింద చదివే మాటలే.

“ఇంకా ఉంది.”

పుస్తకం అమ్మే మాట మళ్ళీ రాలేదు. పేజీలన్నీ వాడు ఫోనులో ఫోటోలు తీసుకున్నాడు. నేను కొత్త మిరపకాయలు వేసి పెట్టె మూశాను.