బస్సు దిగితే చెరువు గట్టే: ఖాజీపేట నుంచి ఒక్క రోజులో నడిచి రాగల నీటి తావులు ఇవే

ఆదివారం పొద్దున్నే ఎక్కడికైనా వెళ్లి నీళ్లు, పక్షులు చూసి, కాసేపు నడిచి సాయంత్రానికి ఇంటికి చేరాలని ఉంది. కానీ కారు లేదు. బైక్ మీద పిల్లలతో, పెద్దవాళ్లతో అంత దూరం కష్టం. ఇది మీ పరిస్థితి అయితే ఈ కథనం మీకోసమే.

కడప జిల్లా అనగానే కరవు, బండలు, ఎండలు గుర్తొస్తాయి. కానీ పెన్నా, కుందూ, పాపఘ్ని, చిత్రావతి పారేది ఇక్కడే. వాటి మీద కట్టిన ఆనకట్టలు, వాటి పక్కన తవ్విన చెరువులు, కాలువలు జిల్లా అంతటా ఉన్నాయి. వీటిలో చాలా వాటికి ఆర్టీసీ బస్సులో వెళ్లొచ్చు. ఖాజీపేటను మొదలుపెట్టే చోటుగా పెట్టుకుని, ఎక్కడికి ఎలా వెళ్లాలో, ఏం చూడాలో, ఏం చేయకూడదో చూద్దాం.

చిత్తడి నేల అంటే ఏంటి?

ఏడాదంతా గానీ, కొన్ని నెలలు గానీ నీరు నిలిచే నేలను చిత్తడి నేల అంటారు. ఇరాన్‌లోని రామ్సర్‌లో 1971 ఫిబ్రవరి 2న కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం సహజమైన సరస్సులు, మడ అడవులే కాదు, మనుషులు తవ్విన చెరువులు, రిజర్వాయర్లు, వరి మళ్లు కూడా ఈ కోవలోకే వస్తాయి. ఆ తేదీనే ఏటా ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవంగా జరుపుతున్నారు. మన రాష్ట్రంలో రామ్సర్ గుర్తింపు పొందినది కొల్లేరు. 2002లో ఆ జాబితాలో చేరింది.

కడప జిల్లాలో కొల్లేరు లాంటి పెద్ద సరస్సు లేదు. ఇక్కడివన్నీ దాదాపు మనుషులు కట్టినవే. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చివర్లో చెబుతాం.

ఖాజీపేట నుంచే ఎందుకు?

కర్నూలు-కడప జాతీయ రహదారి మీద, కడపకు మైదుకూరుకు మధ్యలో ఉంది ఖాజీపేట. ఇక్కడి నుంచి మైదుకూరు చేరితే మూడు వైపులకు దారి దొరుకుతుంది. పడమరకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు. తూర్పుకు బ్రహ్మంగారిమఠం, బద్వేలు. ఈశాన్యానికి పోరుమామిళ్ల. వెనక్కి కడప వెళ్తే పులివెందుల, ఒంటిమిట్ట బస్సులు దొరుకుతాయి.

ఖాజీపేటలో ఎక్కేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. హైవే మీద దూరప్రాంత బస్సులన్నీ ఇక్కడ ఆగవు. పల్లెవెలుగు అయితే నిశ్చింత. ఎక్కే ముందు బోర్డు చూసి ఊరుకోకుండా 'ఏ దారిలో పోతుంది?' అని కండక్టర్‌ను అడగండి.

1. ఖాజీపేట: కేసీ కాలువ, వరి మళ్లు

బస్సు కూడా అక్కర్లేని నడక ఇది. కర్నూలు-కడప కాలువ ఈ మండలం మీదుగానే వెళ్తుంది. దీన్ని 1860వ దశకంలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ తవ్వడం మొదలుపెట్టింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగుతుంది. అప్పట్లో సాగునీటితో పాటు పడవల రవాణాకు కూడా పనికొస్తుందని కట్టారు. కంపెనీ నష్టాల్లో పడటంతో 1882లో ప్రభుత్వం కొనేసింది.

కాలువకు నీళ్లు వదిలి, నాట్లు పడ్డాక ఇక్కడి మళ్లు చూడాలి. తెల్లకొంగలు, గుడ్డికొంగలు దమ్ము చేసిన మడిలో ట్రాక్టర్ వెనకాలే నడుస్తుంటాయి. కరెంటు తీగ మీద లకుముకి పిట్ట, గట్టు మీద అరుస్తూ తీతువు కనిపిస్తాయి. నేల చదునుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు కూడా నడవొచ్చు. మడి గట్లు రైతులవి. నడిచే ముందు ఒక మాట అడగండి. పైరులోకి దిగకండి.

2. పోరుమామిళ్ల చెరువు: 650 ఏళ్ల పాఠం

ఒక్క చోటికే వెళ్లే తీరిక ఉంటే ఇక్కడికే వెళ్లండి. మైదుకూరులో బస్సు మారాలి.

విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఈ ప్రాంతాన్ని పాలించేటప్పుడు ఈ చెరువు కట్టించాడు. దీని అసలు పేరు అనంతరాజసాగరం. ఊళ్లోని భైరవాలయం ముందు నిలబెట్టిన రాతి పలకల మీద 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాశారు.

లెక్కలతో పాటు చెరువు ఎలా కట్టాలో కూడా ఆ శాసనం చెబుతుంది. మంచి చెరువుకు 12 అంగాలు కావాలంటుంది. ధర్మం తెలిసిన, డబ్బున్న పాలకుడు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మన్ను, తీపి నీళ్ల ఏరు, రెండు కొండల మధ్య మరీ పొడవు కాని బలమైన రాతి కట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గర్లో రాతి గని, కింద చదునైన సారవంతమైన పొలాలు, పని తెలిసిన మనుషులు. ఇలా సాగుతుంది ఆ జాబితా.

ఆ తర్వాత ఆరు దోషాలు చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో తాబేటి వీపులా మిట్ట ఉండటం, నీళ్లు తక్కువై చెరువు పెద్దదవడం, నీళ్లు ఎక్కువై చెరువు చిన్నదవడం. మూడో దోషాన్ని కాస్త గమనించండి. ఇద్దరి మధ్యలో ఉన్న చెరువును ఎవరూ పట్టించుకోరని అప్పుడే రాసిపెట్టారు.

ముందు శాసనం చూసి, తర్వాత కట్ట మీదికి వెళ్లండి. చెప్పిన మాట ఎదురుగా కనిపిస్తుంది. కొండలను కలుపుతూ కట్ట, వెనక నీళ్లు, ముందు పొలాలు. ఉదయం పూట నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ, బుడుబుంగలు మునుగుతూ తేలుతూ కనిపిస్తాయి.

3. బ్రహ్మంసాగర్

మైదుకూరు నుంచి బ్రహ్మంగారిమఠం బస్సు ఎక్కండి. ప్రొద్దుటూరు, కడప, బద్వేలు నుంచి కూడా మఠానికి బస్సులున్నాయి. వీరబ్రహ్మేంద్రస్వామి సమాధి దర్శనానికి వచ్చేవాళ్ల వల్ల ఈ దారిలో రద్దీ ఉంటుంది. మఠం నుంచి రిజర్వాయర్‌కు ఆటోలో వెళ్లడం మేలు.

తెలుగుగంగ పథకంలో భాగంగా శ్రీశైలం నీళ్లు వెలుగోడు మీదుగా ఇక్కడికి వస్తాయి. సామర్థ్యం 17.74 టీఎంసీలు. ఒక్క టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. కొండల మధ్య అంత నీరు చూడటానికే చాలామంది వస్తారు.

4. జమ్మలమడుగు: మైలవరం, గండికోట

ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగు చేరితే మైలవరం బస్సులు, ఆటోలు దొరుకుతాయి. పెన్నా మీద కట్టిన మైలవరం జలాశయం సామర్థ్యం దాదాపు 10 టీఎంసీలు. గండికోట లోయ ఎక్కి దిగలేని వాళ్లకు ఇదే సరైన చోటు.

ఓపిక ఉన్నవాళ్లు జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని గండికోటకు వెళ్లొచ్చు. కోట గోడ దాటి లోయ అంచుకు వెళ్లాలంటే బండల మీద నడవాలి. అందుకే దీన్ని 'తేలిక' జాబితాలో చేర్చడం లేదు. ఎగువన ఉన్న గండికోట రిజర్వాయర్‌లో 26.85 టీఎంసీలు నిల్వ చేయడం కోసం తాళ్లప్రొద్దుటూరు, కొండాపురం లాంటి ఊళ్ల జనం ఇళ్లు వదిలి వెళ్లారు. మీరు ఫొటో తీసుకునే నీటి అడుగున వాళ్ల వీధులున్నాయి. అక్కడ ఎవరైనా పాత ఊరి సంగతి చెబితే ఆగి వినండి.

5. పులివెందుల: పార్నపల్లె

లింగాల మండలం పార్నపల్లె దగ్గర చిత్రావతి మీద కట్టిన బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ ఇది. సామర్థ్యం 10 టీఎంసీలు. పులివెందుల డిపో పల్లెవెలుగులో వెళ్లొచ్చు. ఖాజీపేట నుంచి వెళ్లేవాళ్లు కడపలో, పులివెందులలో రెండు సార్లు బస్సు మారాలి కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరాలి. పులివెందుల వాసులకైతే సగం రోజు పని.

6. ఒంటిమిట్ట చెరువు

కడప నుంచి రాజంపేట, తిరుపతి వైపు వెళ్లే దారిలోనే ఉంది. కోదండరామాలయం చూసుకుని పక్కనే చెరువు గట్టున నడవొచ్చు. నీడ, తాగునీరు, టిఫిన్ అన్నీ దగ్గరే. చిన్న పిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

మహిళలకు ఉచితమేనా?

అవును. 'స్త్రీశక్తి' పథకం 2025 ఆగస్టు 15 నుంచి అమల్లో ఉంది. రాష్ట్రానికి చెందిన బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించొచ్చు. ఆధార్, ఓటర్ కార్డు, రేషన్ కార్డు లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తప్పకుండా తీసుకోవాలి. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు ఇది వర్తించదు. పైన చెప్పిన చోట్లన్నిటికీ ఈ బస్సులు మారుతూ వెళ్లొచ్చు. అంటే ఇంట్లో ఆడవాళ్లకు ఆటో చార్జీ, టిఫిన్ తప్ప వేరే ఖర్చు ఉండదు.

ఎప్పుడు వెళ్లాలి?

అక్టోబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువుల్లో నీళ్లు ఉంటాయి, వలస పక్షులు వస్తాయి, ఎండ తగ్గుతుంది. మార్చి దాటితే ఉదయం తొమ్మిదికే గట్టు మీద నిలబడలేం. దిగగానే చేయాల్సిన మొదటి పని, తిరుగు బస్సు ఎప్పుడో, ఆఖరిది ఎన్నింటికో అడగడం. పల్లె రూట్లలో ఒక బస్సు తప్పితే గంటల తరబడి కూర్చోవాల్సి వస్తుంది.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

- ఈత వచ్చినా నీళ్లలో దిగకండి. చెరువులో పూడిక మట్టి కాలిని పట్టేస్తుంది. పెన్నాలో ఇసుక తోడిన గుంతలు పైకి కనిపించవు.
- కాలువ లైనింగ్ మీద పాచి ఉంటుంది. జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. సెల్ఫీ కోసం అంచుకు వెళ్లకండి.
- వాన రోజుల్లో ఏటి ఇసుకలో నడవకండి. మీ ఊళ్లో వాన లేకపోయినా ఎగువన గేట్లు ఎత్తితే నీళ్లు వచ్చేస్తాయి. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ ఊళ్లను ముంచేసింది. పదుల మంది చనిపోయారు.
- డ్యామ్ మీదికి అనుమతి లేదంటే వాదించకుండా వెనక్కి రండి.
- పాము కరిస్తే కట్లు, కోతలు వద్దు. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లండి.

ఈ చెరువులకు చట్టం రక్ష ఉందా?

ఇక్కడే చిక్కుంది. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు నదీ గర్భాలను, వరి మళ్లను, తాగునీటికి, సాగునీటికి ప్రత్యేకంగా కట్టిన నిర్మాణాలను చిత్తడి నేలల నిర్వచనం నుంచి మినహాయించాయి. అంటే రామ్సర్ లెక్కలో చిత్తడి నేలలైన మన చెరువులు, రిజర్వాయర్లకు ఆ నిబంధనల రక్షణ దొరకదు.

అలాగని ఎవరైనా పూడ్చేయొచ్చని కాదు. 2002 నాటి వాల్టా చట్టం జల వనరుల ఆక్రమణను, కలుషితం చేయడాన్ని అడ్డుకుంటుంది. చెరువులు సమాజం ఉమ్మడి ఆస్తి అని, వాటిని కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో స్పష్టంగా చెప్పింది. కానీ నీళ్లు ఒక శాఖవి, భూమి రికార్డు ఇంకో శాఖది, చెత్త పంచాయతీది. శాసనం చెప్పిన 'రెండు రాజ్యాల మధ్య చెరువు' దోషం ఇప్పుడు ఇలా వస్తోంది.

కాబట్టి నడిచేటప్పుడు గట్టు తవ్వినట్టు, మట్టి లేదా చెత్త పోసినట్టు, తూము మూసేసినట్టు కనిపిస్తే తేదీ, ఊరి పేరుతో ఫొటో తీసుకోండి. 1100కి ఫోన్ చేయొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. రసీదు అడిగి తీసుకోండి. అది ఉంటేనే మళ్లీ అడగడానికి వీలుంటుంది.

మీరు తీసుకెళ్లిన వాటర్ బాటిల్, చిప్స్ కవరు మాత్రం మీతోనే వెనక్కి తెచ్చుకోండి.