సోమి చెట్టు పేరు లాటిన్‌లోకి ఎలా వెళ్లింది?

పోయిన నెల గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే ఘాట్ రోడ్డులో బండి ఆపాను. ఒక చెట్టు కింద కాయ దొరికింది. నల్లగా, చెక్కలా గట్టిగా, ఐదు ముక్కలుగా విచ్చుకొని ఉంది. లోపల రెక్కలున్న గింజలు. ఫొటో తీసి ప్లాంట్ యాప్‌లో పెడితే 'మహాగని' అంది. నల్లమలలో మహాగని ఏంటి? అది అమెరికా వైపు చెట్టు కదా! కిందికి దిగొచ్చి దిగువమెట్ట దగ్గర టీ బంకులో ఒక తాతకి చూపించాను. ఆయన ఫోన్ వైపు చూడనే లేదు. కాయ చేతిలోకి తీసుకొని "సోమి చెట్టు గదా అబ్బాయా" అన్నాడు.

తమాషా ఏంటంటే, యాప్ పడిన పొరపాటే 230 ఏళ్ల కింద విలియం రాక్స్‌బర్గ్ కూడా పడ్డాడు. స్కాట్లాండ్ డాక్టరు, ఈస్ట్ ఇండియా కంపెనీ ఉద్యోగి. సామర్లకోటలో ఉంటూ మన మొక్కల మీద పని చేశాడు. రాజమండ్రి వైపు కొండల్లో ఈ చెట్టు చూసి, మహాగని జాతిలో కలిపేసి 'స్వీటీనియా ఫెబ్రిఫ్యూగా' అని పేరు పెట్టాడు. మరీ తప్పని అనలేం, రెండూ వేప కుటుంబానివే. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది.

అసలు కంపెనీకి కావాల్సింది ఆ జ్వరం ముక్కే. అప్పటికి క్వినైన్ ఇంకా లేదు, దాన్ని వేరు చేసింది 1820లో. మలేరియాకి మందంటే దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడు. అంత దూరం నుంచి తెచ్చుకోవాలి, ఖరీదు కూడా. సోమి బెరడు కూడా చేదే. అది పనికొస్తే చాలు అనుకున్నారు. 1793లో రాక్స్‌బర్గ్ రాసిన చిన్న పుస్తకం లండన్‌లో అచ్చయింది. 1794లో ఎడిన్‌బరోలో ఆండ్రూ డంకన్ అనే కుర్రాడు తన డాక్టరు పట్టా కోసం ఈ చెట్టు మీదే థీసిస్ రాశాడు. (జ్వరమొస్తే మీరు బెరడు ఉడకబెట్టుకోకండి బ్రో, హాస్పిటల్‌కి వెళ్లండి.)

1795లో రాక్స్‌బర్గ్ కోరమాండల్ మొక్కల పుస్తకం మొదటి సంపుటం వచ్చింది. అందులో ఈ చెట్టు బొమ్మ ఉంది. ఆ పుస్తకానికి బొమ్మలు వేసింది ఇక్కడి చిత్రకారులే. దొర పేరు ఉంది, వాళ్ల పేర్లు లేవు. 'దీన్ని సోమిద అంటారండీ' అని ఆయనకి చెప్పిన మనిషి పేరూ లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కానీ ఆ మనిషి చెప్పిన మాట మాత్రం పోలేదు. 1830లో ఫ్రాన్స్‌కి చెందిన అడ్రియన్ జస్యూ, ఇది మహాగని కాదు, వేరే జాతి అని తేల్చాడు. కొత్త జాతికి మన తెలుగు పేరే పెట్టాడు: సొయ్‌మిడా. ఈ రోజుకీ ప్రపంచమంతా దీన్ని 'సొయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా' అనే అంటుంది.

టీ బంకులో తాత అడిగాడు, "ఆ ఫోన్లో సోమి అని రాలేదా?"

అప్పుడు లేదన్నాను. ఈసారి వెళ్తే చెప్పాలి: ఉంది తాతా, స్పెల్లింగే కొంచెం తేడా.