పరదేశ సేవకు తర్ఫీదు: పీస్ కోర్ తొలి దశాబ్దం

సమాజాభివృద్ధి పనికి పరాయి దేశాలు వెళ్లే స్వచ్ఛంద సేవకులకు పెద్ద ఎత్తున తర్ఫీదు ఇవ్వడం 1961 వేసవిలో, అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్‌తో మొదలైంది. అంతకు ముందు ఇలాంటి ప్రయాణాలు లేకపోలేదు. యుద్ధంలో నేలమట్టమైన ఫ్రెంచి పల్లెను తిరిగి కట్టడానికి 1920లో పూనుకున్న స్విట్జర్లాండ్ వాసి పియర్ సెరెసోల్, 1934 భూకంపం తర్వాత బిహార్‌కు వచ్చి అదే పని చేశాడు. బ్రిటన్‌లో 1958లో పుట్టిన వి.ఎస్.ఓ. (వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్) తొలినాళ్లలో బడి చదువు ముగించిన కుర్రవాళ్లను పంపేది. ప్రయాణ సన్నాహాన్ని ఒక పాఠ్యక్రమంగా మార్చింది మాత్రం పీస్ కోరే.

అధ్యక్షుడు కెనెడీ 1961 మార్చి 1న సంస్థను స్థాపించాడు. కొలంబియాకు వెళ్లే తొలి జట్టు ఆ వేసవిలోనే న్యూజెర్సీలోని రట్జర్స్ విశ్వవిద్యాలయంలో తర్ఫీదుకు చేరింది. అక్కడి నుంచి వెళ్లిన 62 మందీ మగవాళ్లే. వాళ్లు పనిచేయాల్సింది ‘ఆక్సియోన్ కోమునాల్’ అనే కొలంబియా ప్రభుత్వ పథకంలో. ఊరివాళ్లే కమిటీగా ఏర్పడి బడి కావాలో, రోడ్డు కావాలో, మంచినీళ్లు కావాలో తేల్చుకుంటారు, శ్రమదానం చేస్తారు, సర్కారు కొంత చేయూతనిస్తుంది. భారతదేశంలో 1952 అక్టోబర్ 2న మొదలైన సమాజాభివృద్ధి పథకంలో గ్రామసేవకులు ఎరిగిన పద్ధతికి ఇది దగ్గరిదే.

తర్ఫీదు రెండు మూడు నెలలు సాగేది. వెళ్లబోయే దేశపు భాష, చరిత్ర, చేతిపని, ఆరోగ్య సూత్రాలతోపాటు అమెరికా రాజ్యవ్యవస్థ గురించీ, కమ్యూనిజం గురించీ పాఠాలుండేవి. అక్కడ ఎవరైనా వాదనకు దిగితే జవాబు చెప్పగలగాలన్నది ఉద్దేశం. పల్లెల్లో ఆ వాదన ఎన్నిసార్లు వచ్చిందో గాని, అది ప్రచ్ఛన్న యుద్ధ కాలం. మశూచికి, టైఫాయిడ్‌కు టీకాలు, కామెర్లు రాకుండా గామా గ్లోబ్యులిన్ సూదిమందు సరేసరి.

భాషా బోధన తీరు మాత్రం వేరుగా ఉండేది. వ్యాకరణం పక్కనబెట్టి, ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్ల ఎదుట కూర్చోబెట్టి, వాక్యాలను నోటికి వచ్చేదాకా పలికించేవారు.

శారీరక పరీక్షల కోసం ప్యూర్టోరికోలో అరెసిబో దగ్గర అడవిలో శిబిరం తెరిచారు. దాని తొలి నిర్వాహకుడు యేల్ విశ్వవిద్యాలయపు మతబోధకుడు విలియం స్లోన్ కాఫిన్. కాళ్లూ చేతులూ కట్టేసినా నీళ్లలో తేలుతూ ఉండడం, తాడు పట్టుకుని నిలువు గోడ దిగడం, అడవిలో ఒంటరిగా రాత్రి గడపడం అక్కడి పాఠాలు. 1962లో కొలంబియాలో విమానం కూలి చనిపోయిన ఇద్దరు సేవకుల పేర్లు, క్రోజియర్, రాడ్లీ, అక్కడి శిబిరాలకు పెట్టారు. ఆసియాకు వెళ్లేవారి కోసం హవాయిలోని వైపియో లోయలో ఆసియా పల్లెల తీరులో ఇళ్లు కట్టి ఒక ఊరినే నిలబెట్టారు.

అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టింది ఎంపిక పద్ధతి. శిక్షణ పొడుగునా మనస్తత్వవేత్తలు గమనించేవారు. అభ్యర్థుల్లో ఒకరి చేత ఒకరికి మార్కులు వేయించేవారు. చివరికి బోర్డు కొందరిని ఇంటికి పంపేది. తప్పు ఒప్పుకుంటూ నేర్చుకోవాల్సిన చోట తప్పు దాచుకునే అలవాటు ఇలాంటి పద్ధతి వల్లే పెరుగుతుంది.

ఇంత చేసినా, ఆతిథ్యమిచ్చే ఊరికి ఏం కావాలన్న ప్రశ్న వెనకబడింది. పంజాబ్‌కు సేవకులను పంపే విషయం మాట్లాడటానికి వచ్చిన సంస్థ డైరెక్టర్ సార్జెంట్ ష్రైవర్‌తో నెహ్రూ, ఆ పిల్లలు ఇక్కడ చాలా నేర్చుకుంటారనీ, వాళ్లు వెళ్లేనాటికి పంజాబ్ ఎప్పటిలాగే ఉన్నా నిరాశపడవద్దనీ అన్నాడు. పెరూ కొండల్లోని వీకోస్ గ్రామస్థులు 1964లో సభ చేసి, ఓటు వేసి, తమ ఊళ్లోని సేవకులను వెళ్లిపొమ్మన్నారు. తర్వాత కొందరిని మళ్లీ రమ్మన్నారు. తాళ్లు పట్టుకుని గోడలు దిగడంలో లోపం వల్ల వచ్చిన చిక్కు కాదది.

శిక్షణ నిపుణులు రోజర్ హారిసన్, రిచర్డ్ హాప్కిన్స్ 1967లో రాసిన వ్యాసం తర్ఫీదులోని అసలు లోపాన్ని సూటిగా పట్టుకుంది. విశ్వవిద్యాలయం పుస్తకం నుంచి, నిపుణుడి నుంచి సరైన జవాబు వెతకడం నేర్పుతుంది. పల్లెలో పనిచేసేవాడు సగం సమాచారంతో, మనుషుల కోపతాపాల మధ్య తానే నిర్ణయం తీసుకోవాలి. కాబట్టి శిక్షణ కూడా అలాంటి అయోమయంలోనే జరగాలని వాళ్ల వాదన. మెక్సికోలోని కువెర్నవాకాలో ఉంటున్న విమర్శకుడు ఇవాన్ ఇల్లిచ్ ఇంకా ముందుకెళ్లాడు. 1968 ఏప్రిల్‌లో అమెరికా విద్యార్థి సేవకుల సభలోనే, చూడటానికి, చదవడానికి రండి గాని సాయం చేయడానికి రావద్దని చెప్పాడు.

1970ల నాటికి శిక్షణ చాలావరకు సేవ చేయబోయే దేశానికే తరలింది. అభ్యర్థి స్థానిక కుటుంబంతో ఉంటూ, బజారులో బేరమాడుతూ భాష నేర్చుకుని, తర్వాత పనిలో చేరే పద్ధతి స్థిరపడింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల్లో సేవకులు పనిచేసిన భారత కార్యక్రమం 1976లో ముగిసింది. పరదేశ సేవకు వెళ్లే నేటి ఇంటర్న్‌షిప్‌లు చాలావాటికి మొత్తం గడువే ఆరు నుంచి పన్నెండు వారాలు, అంటే 1961లో ఒక్క తర్ఫీదుకే పట్టినంత కాలం, లేదా అంతకన్నా తక్కువ. కనుక వీసా, టీకాలు, బీమా, ఒకటి రెండు రోజుల పరిచయ తరగతి దగ్గరే వాటి సన్నాహం ఆగిపోతుంది. భాష నేర్చుకునే బాధ్యత ఎక్కువగా వెళ్లేవాళ్ల మీదే పడుతుంది.