నేల మీద పరిచిన ఊరు

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో బైటెన్‌కాంట్ వీధిలో ఒక పాత మెథడిస్టు చర్చి ఉంది. ఇప్పుడది మ్యూజియం. లోపల నేలంతా ఓ పేట పటం పరిచి ఉంటుంది. వీధులు, సందులు, మలుపులు చేత్తో గీసి, తొక్కినా చెదరకుండా పైన పారదర్శకమైన ప్లాస్టిక్ వేశారు. ఆ పేటలో ఒకప్పుడు కాపురమున్నవాళ్లు వచ్చి, పటం మీద వంగి తమ వీధి వెతుక్కుంటారు. ఇల్లు ఉన్నచోట పేరు రాస్తారు. ‘ముట్టుకోరాదు’ బోర్డులకు అలవాటుపడ్డ మనకు ప్రదర్శన వస్తువు మీదే పేర్లు రాయనిచ్చే మ్యూజియం వింతే మరి.

ఆ పేట పేరు డిస్ట్రిక్ట్ సిక్స్. 1867లో నగరంలో ఆరో డివిజన్‌గా ఏర్పడింది. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు, కూలీలు, చేతిపనివాళ్లు, వ్యాపారులు, ఎక్కడెక్కడి నుంచో వలసవచ్చినవాళ్లు అక్కడ కలిసి బతికారు. 1901లో ప్లేగు వంకతో నల్లవాళ్లను ముందు వెళ్లగొట్టారు. ఇక 1966 ఫిబ్రవరి 11న, ఏ జాతివాళ్లు ఎక్కడుండాలో నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టం కింద, ఆ నేల తెల్లవాళ్లకేనని ప్రభుత్వం ప్రకటించింది. 1982 నాటికి 60 వేల మందికి పైగా జనాన్ని కేప్ ఫ్లాట్స్ అనే ఇసుక నేలలకు తరలించి, ఇళ్లను బుల్డోజర్లతో కూల్చేశారు. మసీదుల్నీ చర్చిల్నీ మాత్రం చాలావరకు వదిలేశారు. ఇంత చేసీ ఆ నేలలో చాలా భాగం బీడుగానే పడి ఉంది.

ఈ చట్టం దెబ్బ మనవాళ్లకూ తగిలింది. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. తర్వాతి తరాల్లో డర్బన్ భారతీయ కుటుంబాలెన్నింటినో ఇళ్లూ తోటలూ వదిలించి ఊరి బయటికి నెట్టింది ఇదే చట్టం.

నిర్వాసితులూ ఉద్యమకారులూ కలిసి 1989లో మ్యూజియం ఫౌండేషన్ పెట్టారు. 1994 డిసెంబరులో పేట వీధుల గురించి తొలి ప్రదర్శన తెరిచారు. రెండు వారాలు నడిపి మూసేద్దామనుకున్నారు, కానీ జనం రావడం ఆగలేదు. అక్కడ వేలాడదీసిన వీధి పేర్ల పలకలకూ ఓ కథ ఉంది. కూల్చివేత పనులు చూసుకున్న ఓ అధికారికి వాటిని సముద్రంలో పారేయమని ఆదేశం వచ్చింది. అతను పారేయలేదు, దాచాడు. ఎందుకు దాచాడన్నది ఎవరి ఊహ వాళ్లది.

నాకు ఆసక్తి కలిగించేది ఈ సేకరణ కంటే అక్కడ జరిగే పనులు. మన దగ్గర మ్యూజియం కార్యక్రమం అంటే చాలాసార్లు వ్యాసరచన పోటీ, బహుమతి ప్రదానం, ఫొటో. అక్కడ కార్యక్రమాలే మ్యూజియం. ఏటా ఫిబ్రవరి 11న పాత నివాసులు, వాళ్ల పిల్లలు పేట మీదుగా నడుస్తారు. ఒకప్పటి హనోవర్ వీధి దగ్గర రాళ్ల గుట్ట మీద తలా ఓ రాయి పెడతారు. భూమి తిరిగి ఇవ్వడంపై 1997లో భూ న్యాయస్థానం ఈ మ్యూజియంలోనే విచారణ జరిపింది. 2004లో, సరిగ్గా అదే ఫిబ్రవరి 11న, తిరిగొచ్చిన తొలి ఇద్దరు వృద్ధులకు ఇంటి తాళాలిచ్చింది నెల్సన్ మండేలా.

నాకు బాగా నచ్చింది వంటల కార్యక్రమం. ‘హైస్ కొంబైస్’ పేరుతో పాత నివాసులు, ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్లు, కూర్చుని తమ వంటలు చెప్పుకుంటూ వాటిని గుడ్డల మీద దారంతో కుట్టారు. ఆదివారం ఉదయం కూసిస్టర్లు లేకపోతే ఆ ఇళ్లలో తెల్లారినట్టే కాదు. సోంపు, ఏలకులు కలిపిన పిండిని వేయించి, పాకంలో ముంచి, పైన కొబ్బరి చల్లే తీపి అది. ఈ వంటకాలు 2016లో పుస్తకంగా వచ్చాయి. చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకని ఆ అమ్మమ్మలు ఇలా తమ పేట చరిత్ర తామే రాసుకున్నారు.

జ్ఞాపకాలకు తీపి పూత పూసుకోవడం మనిషికి అలవాటే. ఆ పేటలో కారే కప్పులు, అద్దె పిండుకునే యజమానులు, వీధి ముఠాలూ ఉండేవి. ఆ బస్తీ మీద కథ చెప్పినప్పుడల్లా నల్లవాళ్లు పక్కకు జారిపోయే ప్రమాదమూ ఉంది. అందుకే, అక్కడే పెరిగిన నల్లజాతి రచయిత్రి నొంవుయో ఎన్గ్‌సెల్వానే కుటుంబం ఉన్న గదిని మ్యూజియంలో మళ్లీ అమర్చారు. ఒకే గదిలో వంట, పడక, చదువు.

బడిపిల్లల్ని తీసుకెళ్లి చూపించేది చాలాకాలంగా పాత నివాసులే. బుల్డోజర్ వచ్చిన రోజు సొంత ఇంటి దగ్గర ఏం జరిగిందో చెప్పే గైడ్ ముందు పాఠ్యపుస్తకం ఏం పనికొస్తుంది? ఆ తరం తగ్గిపోతోంది. ఆ లోటు తెలిసే మ్యూజియం యువత చేత పెద్దల్ని ఇంటర్వ్యూలు చేయిస్తోంది, గొంతులు రికార్డు చేయిస్తోంది. భూమి మాత్రం అంత వేగంగా రావడం లేదు. 2019లో న్యాయస్థానం ప్రభుత్వాన్ని మందలించి, పునరావాస ప్రణాళిక అడిగింది. ప్రభుత్వం 1970లో తగిలించిన ‘జోనెబ్లూమ్’ పేరు పోయి, పేటకు డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేరు అధికారికంగా తిరిగొచ్చింది కూడా ఆ ఏడాదే.